రెండు పికప్‌లూ, ఒక ఈలా

మేడ మీద గది,
వాన వెలిసిన సాయంత్రం

నా ముద్దుల మరదలు పిల్లకి,

ముందు కూర్చో. చేతిలో సోల్డరింగ్ ఐరన్ ఉంటే పక్కన పెట్టు. పెట్టావా? ఇక విను. మన బ్యాండు మళ్ళీ లేస్తోంది!

నిన్న ప్రెస్సు వదిలే వేళకి, అప్పట్లో మా బ్యాండు నడిపిన కెప్టెన్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. అదే టోపీ, అదే గొంతు. టోపీ కింద జుట్టు మాత్రం సెలవు తీసుకుంది. "కొత్తగా కట్టిన హాలు తెరుస్తున్నారమ్మా. మొదటి సాయంత్రం మనదే. నేను పాడతాను, లెక్కల మాస్టారు డ్రమ్ములకి సరేనన్నాడు. గిటార్ నువ్వేనా?" అన్నాడు. కాగితాలు మడిచే యంత్రం రొద ఇంకా తలలో తిరుగుతోంది కదా, రెండుసార్లు చెప్పించుకున్నాను. అర్థమయ్యాక నా కాళ్ళు నేల మీద ఆనితే ఒట్టు.

ఇంటికొచ్చి బీరువా మీది గిటార్ దింపాను. కొత్త తీగలు బిగించి, ఆంప్లిఫయర్‌కి తగిలించి మోగించానా, ప్రాణం ఉసూరుమంది. దుప్పటి ముసుగేసుకుని మాట్లాడుతున్నట్టుంది దాని గొంతు. మెరుపే లేదు. తీగల కింద ఉండే ఆ రెండు నల్ల దిమ్మలు, అదే పికప్‌లు, చచ్చిపోయాయన్నమాట. మీ అన్నయ్య చేత ఊడదీయించి ఈ పెట్టెలో పంపుతున్నాను. రేడియోల కాయిల్స్ చుట్టే చేతులు నీవి. నాకో కొత్త జత చుట్టిపెట్టు. బాగా మెరవాలి.

అసలు గుబులు కూడా చెప్పేస్తున్నాను. వెళ్తూ వెళ్తూ కెప్టెన్, "రిహార్సల్స్ చూసుకుని ఖాయం చేద్దాం. వాద్యాల షాపు సేల్స్‌మన్ ఎప్పుడు పిలుస్తారా అని కాచుకుని ఉన్నాడు" అన్నాడు. నా చోటు ఇన్నేళ్ళకి తిరిగి నా దగ్గరికి నడిచొచ్చింది. దాన్ని ఇంకొకరికి ఇచ్చే ప్రసక్తే లేదు.

గుర్తుందా, నేను సోలో ముగించగానే చివరి వరసలోంచి రెండు వేళ్ళు నోట్లో పెట్టి నువ్వు వేసే ఆ ఈల? అది ఎవరిదో వెతుక్కుంటూ వస్తేనే కదా నీ పక్కన మీ అన్నయ్య దొరికాడు! ఈసారి కూడా నువ్వు చివరి వరసలో ఉండి తీరాలి.

ఫోన్ మాత్రం చేయకు. ఆ గరగరలో నువ్వు చెప్పేది ఒక్క ముక్క బుర్రకెక్కదు. రాయి.

నీ వదిన

* * *

రిపేరు షాపు,
కిటికీ పక్క బల్ల

వదినా!

నీ ఉత్తరం చదివి షాపులోనే ఈల వేశాను. ఎదురుగా పాడైన రేడియో పట్టుకుని నిలబడ్డ పెద్దమనిషి, కూసింది తన రేడియోనే అనుకుని ఎంత సంతోషపడ్డాడో!

నా ఈల ఇప్పుడు గుర్తొచ్చిందా తల్లీ? పోయిన సెలవుల్లో రైలు దిగగానే నిన్ను చూసి అదే ఈల వేస్తే తల కూడా తిప్పలేదు. అన్నయ్య భుజం తడితే గానీ అమ్మగారి మెడ ఇటు తిరగలేదు. స్టేజి ఎక్కకముందే ఇంత టెక్కు చూపిస్తే, ఎక్కాక మమ్మల్ని ఆనవాలు పడతావో లేదో.

సరే, పని సంగతి. నువ్వు చచ్చిపోయాయని పంపిన పికప్‌లకి మీటరు పెట్టాను. ముల్లు చక్కగా లేచింది. అయస్కాంతాలు నా స్క్రూడ్రైవరును లాక్కుని వదలడం లేదు. లోపలి రాగి తీగ ఎక్కడా తెగలేదు. వీటికి ఏ రోగమూ లేదు వదినా. అయినా నువ్వు నోరు తెరిచి అడిగాక కొత్తవి చుట్టకుండా ఉంటానా? పాతవి బిస్కెట్ల డబ్బాలో దాచాను.

పికప్‌లు చుట్టడం కన్నా వాటికి జత కుదర్చడం కష్టం. మెడ వైపు తీగలు బారుగా ఊగుతాయి. అక్కడి పికప్‌కి శబ్దం పుష్కలంగా దొరుకుతుంది. రెండో చివర తీగలు బిగించి ఉండే బ్రిడ్జి దగ్గర కదిలీ కదలనట్టు కదులుతాయి. రెండింటినీ ఒకేలా చుట్టామనుకో, మెడ దగ్గరిది అరుస్తుంది, బ్రిడ్జి దగ్గరిది గొణుగుతుంది. అందుకని బ్రిడ్జిదానికి చుట్లు కాస్త ఎక్కువ వేయాలి. మరీ ఎక్కువ వేస్తే గొంతు బరువెక్కి, నువ్వు అడిగే మెరుపు పోతుంది. పైగా రెండూ కలిపి మోగించినప్పుడు గుంయ్ మనే కరెంటు రొద రాకూడదంటే, ఒకదానికి అయస్కాంతం తిరగేసి పెట్టాలి, తీగ కూడా ఎదురు దిశలో చుట్టాలి.

మా అత్తగారి కుట్టు మిషను చక్రానికి కాయిల్ బిగించి చుట్టేస్తున్నాను. ఆవిడ పక్కనే నిలబడి, "నా జాకెట్లు ఎప్పుడమ్మా?" అని చెవిలో పోరు పెడుతున్నారు. నాకైతే పండగలా ఉంది!

మరదలు

* * *

వంటగది బల్ల,
ఆదివారం

మరదలా,

వచ్చాయి! కత్తెర కూడా వెతక్కుండా పెట్టె తాడు పళ్ళతో తెంపేశానంటే నమ్ము. మీ అన్నయ్య తన కళ్ళద్దాల షాపు నుంచి బుల్లి స్క్రూడ్రైవరు తెచ్చి, ఫ్రేము బిగించినంత ఒద్దికగా బిగించాడు. సోల్డరింగ్ మాత్రం ఎలాగో అయిందనిపించాడు. బల్ల మీద గుడ్డ కాలింది, కనుబొమ్మ కాస్త కాలింది. కాలిన కనుబొమ్మతోనే షాపుకి వెళ్ళాడు పాపం.

కెప్టెన్ వాళ్ళ ఫర్నిచర్ గోదాములో మొదటి రిహార్సల్ అయింది. చుట్టూ మంచాలు, బీరువాలు, మధ్యలో మేం ముగ్గురం. మెడ దగ్గరి పికప్ ఒక్కటే పెట్టి మొదటి స్వరం మీటానా, గుండెలో గంట కొట్టినట్టయింది. మాస్టారు కర్రలు ఆపేసి, "అబ్బో!" అన్నాడు. పరీక్షలో అందరూ పాసైనా ఆయన ముఖం అంత వెలగదు.

రెండు లోపాలున్నాయి. ఒకటి, రెండు పికప్‌లూ కలిపితే గొంతు పీలగా అయిపోతోంది. జలుబు చేసినవాడు ముక్కుతో పాడినట్టుంది. రెండోది, బ్రిడ్జి దగ్గరిది ఇంకా మొద్దుగానే ఉంది. ముసుగు తీసింది గానీ కళ్ళు తెరవలేదు. మెరుపు పెంచే టోన్ నాబ్ మొత్తం తిప్పేసినా అంతే. నువ్వు ఎక్కడో చుట్లు ఎక్కువ వేసి ఉంటావు. నా మీద ప్రేమతో వేశావో, అత్తగారి మీద కోపంతో వేశావో!

నీ వదిన

* * *

రిపేరు షాపు,
భోజనాల వేళ

వదినా, నన్ను తిట్టుకో, పరవాలేదు.

నీకు ఉత్తరంలో అంత పాఠం చెప్పానా, తీరా అయస్కాంతం తిరగేసి, తీగ మాత్రం మామూలు దిశలోనే చుట్టేశాను. అత్తగారు మిషను కోసం నెత్తి మీద నిలబడేసరికి తికమకపడ్డాను. పంపేముందు చేసే పరీక్ష కూడా ఎగ్గొట్టాను. అదేం పెద్ద పనీ కాదు. మీటరు తగిలించి, స్క్రూడ్రైవరు పికప్ నెత్తిన ఆనించి చటుక్కున పైకి లాగితే ముల్లు ఏదో ఒక పక్కకి కొడుతుంది. రెండింటికీ ఒకే పక్కకి కొడితే అవి కలిసి నడుస్తాయి. చెరో పక్కకి కొడితే ఒకటి తోసేదాన్ని ఇంకోటి లాగేస్తుంది. నువ్వు కొత్తగా కాపురానికి వచ్చినప్పుడు వంటింట్లో మనిద్దరం చేసిన నిర్వాకం అదే కదా!

మందు సులువే. మెడ దగ్గరి పికప్‌కి నల్ల వైరు ఉన్న చోట తెల్లది, తెల్లది ఉన్న చోట నల్లది అతికించు. అంతే. అన్నయ్యని మాత్రం దూరంగా కూర్చోబెట్టు. రెండో కనుబొమ్మ కూడా పోతే కష్టం.

బ్రిడ్జి సంగతే నాకు అంతు చిక్కడం లేదు. అది పదునుగా మోగాలే! ఇక్కడ షాపు ఆంప్లిఫయర్‌లో పెట్టి చూసినప్పుడు మా ఓనరు "పళ్ళు జివ్వుమన్నాయి" అన్నాడు. మీ ఆంప్లిఫయర్ స్పీకరు చినిగిందేమో చూడు.

మరదలు

* * *

మేడ మీద గది,
రిహార్సల్ నుంచి రాగానే

మరదలా, బంగారూ!

వైర్లు మార్చాను. నేనే, నా చేత్తోనే. రెండూ కలిపి మోగించాను. ఏం చెప్పమంటావు? గోదామంతా నిండిపోయింది. గుంయ్ మనే రొద మాయం. కెప్టెన్ పాట మధ్యలో కళ్ళు మూసుకున్నాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడంటే నచ్చిందని లెక్క. చివరి పాట మొత్తం ఈ జంట గొంతులోనే వాయించాలని తీర్మానించేశాం.

స్పీకరుకి ఏమీ కాలేదు, కొత్తదే. సోలోలు బ్రిడ్జి పికప్ మీదే కదా వాయించాలి, అక్కడే నాకు తృప్తి లేదు. నాకు పదును కావాలి మరదలా. తీగ మీద గోరు తగిలిన చప్పుడు కూడా వినబడాలి. ఆ రోజుల్లో వినబడేది. ఇప్పుడు ఎంత గట్టిగా మీటినా ఆ కొస దొరకడం లేదు.

సోలో వాయిస్తుంటే కెప్టెన్ ఏదో సణుగుతూనే ఉంటాడు, నేను పట్టించుకోను. పాడేవాళ్ళకి తమ గొంతు తప్ప ఇంకేదీ వినబడకూడదు. మాస్టారేమో చెవుల్లో దూది పెట్టుకుని వాయిస్తున్నాడు. రోజంతా పిల్లల అల్లరి విని విని ఆయనకి చెవులు నాజూకయ్యాయి.

సేల్స్‌మన్ ఒకరోజు వచ్చి, ఓ మంచం మీద కూర్చుని రిహార్సల్ అంతా చూసి వెళ్ళాడు. నవ్వుతూ నాకు నమస్కారం కూడా పెట్టాడు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. నీ దగ్గరున్న విద్యంతా చూపించి, నీకు చేతనైనంత పదునైన బ్రిడ్జి పికప్ చుట్టు. ఆలస్యం చేయకు.

నీ వదిన

* * *

రిపేరు షాపు

వదినా,

ఇదిగో. తక్కువ చుట్లు, మా దగ్గరున్న వాటిలోకెల్లా బలమైన అయస్కాంతం. ఇంతకన్నా పదునంటే ఇక గడ్డం గీసుకునే బ్లేడే.

ఒక్కటి మాత్రం చెవిన వేసుకో. చుట్టిన తీగ కదలకుండా కరిగిన మైనంలో ముంచాలి. మైనం అయిపోయింది, నీకేమో ఆలస్యం కాకూడదు. అందుకని ముంచకుండానే పంపుతున్నాను. ఆంప్లిఫయర్ బాగా పెంచితే లోపల తీగ వణికి, సన్నగా కూత పెట్టవచ్చు. ఆ కూత వినబడ్డ మరుక్షణం వాల్యూమ్ తగ్గించి నాకు పంపెయ్, ముంచి ఇస్తాను. అది మామూలు కూత కాదు, గోదాములో ఎలుకలు కూడా సామాను సర్దుకుంటాయి.

పోయినసారి పంపిన బ్రిడ్జి పికప్ పారేయకు, తిరుగు టపాలో పంపు. దాంతో పాటు మీ రిహార్సల్ కేసెట్ ఒకటి రికార్డు చేసి పెట్టు. నీ గిటార్ గొంతు నా చెవులతో వింటే గానీ నాకు నిలకడ లేదు.

మరదలు

* * *

కెప్టెన్ గోదాము,
ఓ అమ్మకానికున్న సోఫా

మరదలా,

ఇదే నేను అడిగింది! అచ్చంగా ఇదే! గోరు చప్పుడు కాస్త కాస్త దొరుకుతోంది. మబ్బులోంచి ఎండ తొంగి చూసినట్టుంది.

కూతా లేదు, గీతా లేదు. నువ్వు ఊరికే హడలగొట్టావు. కేసెట్ పెట్టాను, విని ఆనందించు. నువ్వు మొదట చుట్టిన బ్రిడ్జి పికప్ కూడా ఈ పెట్టెలోనే ఉంది.

హాలు తెరవడానికి ఇంకా కొన్ని వారాలే ఉన్నాయి. కెప్టెన్ ఎందుకో ఈ వారం ముభావంగా ఉన్నాడు. గొంతు బాగా లేదేమో. నేను మాత్రం స్టేజి మీద వేసుకోవడానికి ఎర్ర జుబ్బా కుట్టించుకుంటున్నాను.

నీ వదిన

* * *

ఇల్లు,
పెరటి మెట్లు

వదినా,

ఈ ఉత్తరం మూడుసార్లు మొదలుపెట్టి చింపేశాను. సరదాగా రాయబోతే చేయి కదలలేదు. అందుకని ఉన్నదున్నట్టు రాసేస్తున్నాను.

కేసెట్ విన్నాను. నీ వేళ్ళకేమీ కాలేదు. ఇంకా బాగుపడ్డాయి కూడా. కానీ గిటార్ గొంతు చెవిలో సూది పెట్టి తిప్పినట్టుంది. మా అత్తగారు పక్క గదిలోంచి తలుపు వేసుకున్నారు. ఇంతవరకూ సరే, పదును ఎక్కువైందనుకుందాం.

రెండో పాట అయ్యాక కూత మొదలైంది వదినా. నేను చెప్పిన కూతే. మాస్టారు "అబ్బా!" అన్నాడు. కెప్టెన్ "అమ్మా, ఆపమ్మా, ఆపు" అని అరుస్తున్నాడు. నీ గొంతు ఆంప్లిఫయర్ పక్క నుంచే వినబడుతోంది. కూత అలా సాగుతూనే ఉంది, ఆపమన్నది దేన్నో తెలియనట్టు నువ్వు తాపీగా తర్వాతి పాట ఏ శ్రుతిలో అని అడుగుతున్నావు. ఆఖరికి ఎవరో వచ్చి నీ నాబ్ తిప్పారు. కూత ఆగింది. అప్పుడు నువ్వు అన్న మాట కేసెట్లో ఉంది. "ఎవరది, నా వాల్యూమ్ ఎందుకు తగ్గించారు?"

నీకు ఆ కూత వినబడలేదు. పై స్వరాలు నీ చెవికి అందడం లేదు వదినా. నీ పాత పికప్‌లు చావలేదని మీటరు మొదటి రోజే చెప్పింది. నేనే ఆలోచించలేదు. లోటు చెవిలో ఉంటే నేను గిటార్‌కి వైద్యం చేస్తూ వచ్చాను.

నాకు భయంగా ఉంది. నీ మీద బెంగగా ఉంది. చెవుల డాక్టర్ దగ్గరికి వెళ్ళు. అన్నయ్యకి నేను చెప్పలేదు. అది నువ్వే చెప్పుకోవాల్సిన మాట.

మరదలు

* * *

మేడ మీద గది

మరదలికి,

నీ ఉత్తరం అందింది. ఎక్కడో రిపేరు బల్ల ముందు కూర్చుని ఒక కేసెట్ విని నా చెవులకి తీర్పు చెప్పేశావు. బాగుంది. అది గోదాము. అక్కడ బీరువాలు కూడా కూస్తాయి. నీ పికప్‌ని మైనంలో ముంచకుండా పంపి, తప్పు నా మీదికి తోస్తున్నావు.

నేను అడిగింది పికప్‌లు. వైద్యం కాదు. కెప్టెన్‌కి ఇలాంటి మాట ఒక్కటి చేరితే చాలు, ఆ సేల్స్‌మన్ మర్నాడే నా చోటులో నిలబడతాడు. నీకు ఆ మాత్రం తెలియదా?

ఇక ఏమీ పంపనక్కర్లేదు.

వదిన

* * *

రిపేరు షాపు

వదినా,

తిట్లు భద్రంగా అందాయి. మీటరు పెట్టి చూశాను, వాటి బలం ఏమీ తగ్గలేదు.

బిస్కెట్ల డబ్బాలో నీ పాత జత అలాగే ఉంది. ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపుతాను. అప్పటిదాకా రోజూ పోస్టుమ్యాన్ దారి చూస్తూ కిటికీ పక్కనే కూర్చుంటాను. ఆయన నన్ను చూసి పక్క వీధికి పారిపోతున్నాడు.

నీ మరదలే

* * *

మేడ మీద గది,
కిటికీలన్నీ తెరిచి

నా తల్లీ, నా మరదలు పిల్లా,

ముందు క్షమించు. తర్వాత నవ్వు. ఎందుకంటే చెప్పాల్సింది చాలా ఉంది, నాకేమో ఆగడం లేదు.

నువ్వు చెప్పకముందే నాకు తెలుసు. తెలుసు గానీ తెలియనట్టు నటించాను. నువ్వు స్టేషన్‌లో ఈల వేసిన రోజే తెలుసు. మీ అన్నయ్య నా భుజం తట్టి, "అదుగో, మా చెల్లి అంత గట్టిగా ఈల వేస్తుంటే పలకవేం?" అన్నాడు. నా చెవిన ఏ ఈలా పడలేదు. జనంలో కలిసిపోయిందేమో అనుకుని నన్ను నేను మభ్యపెట్టుకున్నాను. గిటార్ దింపినప్పుడు అదే భయం మళ్ళీ లేచింది. తప్పు పికప్‌లదైతే ఎంత బాగుండును! మార్చేస్తే పోతుంది కదా. ఆ ఆశతోనే నీ చేత అన్నన్ని చుట్లు చుట్టించాను.

నీకు ఆ కోపపు ఉత్తరం పోస్టు చేసి ప్రెస్సుకి వెళ్ళాను. పని కాగానే కాళ్ళు మీ అన్నయ్య షాపు వైపు నడిచాయి. లోపలికి వెళ్ళి కౌంటరు ముందు, కళ్ళద్దాల కోసం వచ్చినవాళ్ళు కూర్చునే స్టూలు మీద కూర్చున్నాను. ఆయన తల ఎత్తకుండానే, "చెప్పండి, దూరానివా, దగ్గరివా?" అన్నాడు.

"వినబడటం లేదండీ" అన్నాను.

తల ఎత్తాడు. చేతిలో ఫ్రేము అలాగే ఉంది. "కనబడటం లేదని రోజూ ఎంతమంది ఈ స్టూలు మీద కూర్చుని సిగ్గుపడకుండా చెబుతారు! నాకు వినబడటం లేదని నువ్వు నాతో ఒక్కసారి అనలేకపోయావా?" అన్నాడు. ఫ్రేము కింద పెట్టి, కౌంటరు దాటి నా దగ్గరికి వచ్చాడు. నేనైతే ఆ స్టూలు మీదే బావురుమన్నాను. కళ్ళద్దాల కోసం వచ్చిన ముసలాయన, లోపల ఏదో ఘోరం జరిగిందనుకుని గుమ్మంలోంచే తిరిగి వెళ్ళిపోయాడు.

డాక్టరు చూశాడు. మడత యంత్రం పక్కన ఏళ్ళ తరబడి నిలబడ్డందుకట. పై స్వరాలు సన్నగిల్లాయి, కింది స్వరాలు భేషుగ్గా ఉన్నాయి. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవచ్చు, చెవి మిషన్లు పెట్టుకుంటే చాలావరకు అందుతుంది అన్నాడు. ప్రెస్సులో ఇక చెవులకి తొడుగులు వేసుకునే పని చేస్తాను.

నిన్ననే వచ్చాయి, రెండు చెవులకి రెండు. పెట్టుకుని వీధిలోకి వచ్చానా, మరదలా, లోకం ఇంత గలగలలాడుతుందా! నా చెప్పులు చప్పుడు చేస్తాయి! మీ అన్నయ్య పేపరు తిప్పితే చప్పుడవుతుంది! మెట్ల కింద మన పక్కింటి కుక్క గొలుసు! నేను ఎర్ర జుబ్బాలో నడుస్తుంటే జుబ్బా కూడా మాట్లాడుతోంది!

ఇక గిటార్ ఎత్తి, నువ్వు పంపిన బ్లేడు పికప్ మోగించాను. వామ్మో! చేతిలో పాము పడ్డట్టు వదిలేశాను. ఇన్ని రోజులూ ఆ గోదాములో ఇద్దరు మగవాళ్ళు ఇది భరించారా? మాస్టారి దూదికి అర్థం ఇప్పుడు తెలిసింది.

మిగిలింది కెప్టెన్. గోదాముకి వెళ్ళి, చెవి మీద జుట్టు పక్కకి తీసి చూపించి, "ఇదీ సంగతి. బ్యాండులో నన్నే ఉంచుతారో, సేల్స్‌మన్‌ని పిలుస్తారో మీ ఇష్టం" అన్నాను. కెప్టెన్ టోపీ తీసేశాడు. సోఫాలో కూలబడ్డాడు. "నీ చెవులా? పోయినవి నీ చెవులా? గిటార్ వింటే చాలు తల పోటెత్తుతోందని, ఆ కూత నీకు మామూలుగానే ఉందంటే నాకే ఏదో అయిందని, నెల నుంచి నేను డాక్టర్ల చుట్టూ తిరుగుతున్నానమ్మా! ఇంట్లో వీలునామా దాకా ఆలోచించాను!" అన్నాడు. మాస్టారు నవ్వీ నవ్వీ డ్రమ్ము మీద పడ్డాడు.

సేల్స్‌మన్ మాట మళ్ళీ ఎత్తలేదు గానీ, "గొంతు సరిచేసుకుని రా, అప్పుడు ఖాయం" అన్నాడు. పాత జత పంపు మరదలా. వెంటనే. నా పాత గొంతు నాకు కావాలి.

నీ వదిన

* * *

రిపేరు షాపు,
బల్ల మీద చోటు లేకుండా

వదినా!

నీ ఉత్తరం చదువుతూ ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియక మా ఓనరు మంచినీళ్ళు ఇచ్చి చూశాడు.

పాత జతలో ఒక్కటే పంపుతున్నాను. కోపం తెచ్చుకోకు, విను. ఆ రెండూ ఒకే లెక్కన చుట్టినవి. ఆ రోజుల్లో కూడా నీ బ్రిడ్జి పికప్ గొణిగేది. నువ్వు వేళ్ళ బలంతో దాన్ని అరిపించేదానివి. ఇప్పుడు ఆ తిప్పలెందుకు? మెడ దగ్గర నీ పాతదే పెట్టు. దాని గొంతులో ఉన్న నిండుతనం నేను ఎన్ని చుట్లు చుట్టినా రాలేదు. బ్రిడ్జి దగ్గర, నేను మొదట చుట్టినది, నీకు మొద్దుగా అనిపించింది చూడు, అది పెట్టు. నీ కొత్త చెవులతో విని అప్పుడు తిట్టు. దాన్ని ఈసారి మైనంలో ముంచాను. మైనం కరిగించిన గిన్నె వంటకి పనికిరాకుండా పోయింది. అత్తగారికి ఇంకా చెప్పలేదు.

పాతదానికీ కొత్తదానికీ జత కుదురుతుందా అని గుబులుగా ఉండింది. స్క్రూడ్రైవరు పరీక్ష పెట్టాను. పాతదానికి ముల్లు కుడికి కొట్టింది. కొత్తదానికి ఎడమకి! ప్రాణం పోయినంత పనైంది. వైర్లు మార్చి మళ్ళీ పెట్టాను. కుడికి! అత్తగారిని పిలిచి చూపించాను. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు గానీ నా సంతోషం చూసి చప్పట్లు కొట్టారు.

హాలు తెరిచే రోజు నేను మధ్యాహ్నానికే వస్తున్నాను. హాలు ఖాళీగా ఉన్నప్పుడు నువ్వు స్టేజి మీద వాయించు, నేను చివరి వరసలో నిలబడతాను. నువ్వు టోన్ నాబ్ కొంచెం కొంచెం తిప్పు. సరిగ్గా ఉన్నచోట నేను చెయ్యి ఎత్తుతాను. అక్కడ గోళ్ళ రంగుతో చుక్క పెడదాం. ఆ చుక్క దాటి తిప్పావో, చూసుకో!

ఆట అవగానే నేను ఆఖరి బస్సుకి పరిగెత్తాలి. తెల్లారితే షాపులో ఓనరు ఒక్కడే అవుతాడు.

మరదలు

* * *

మేడ మీద గది,
ఆట అయిన మర్నాటి పొద్దున

మరదలు పిల్లా,

నువ్వు బస్సు కోసం పరిగెత్తావు, నీతో ఒక్క ముక్క మాట్లాడటానికి కుదరలేదు. అందుకని నువ్వు షాపుకి చేరేలోపే ఇది బయలుదేరాలని పళ్ళు తోముకోకుండా రాస్తున్నాను.

మధ్యాహ్నం నువ్వు చెయ్యి ఎత్తి, స్టేజి దాకా నడిచొచ్చి, ఎర్ర చుక్క పెట్టావు చూడు, అప్పుడు కెప్టెన్ నా పక్కకి వచ్చి, "ఖాయం" అన్నాడు. అంతే అన్నాడు. నాకు చాలు.

సాయంత్రం సంగతి నువ్వు చూశావు. నీకు కనబడనిది చెబుతాను. మొదటి పాటకి తీగల మీంచి కళ్ళు ఎత్తలేదు. రెండో పాటకి వేళ్ళు వాటంతట అవే నడిచాయి. బ్రిడ్జి పికప్ మీద సోలో మొదలుపెట్టగానే గోరు తగిలిన చప్పుడు వినబడింది. ఆ కొస. మొద్దుగా ఉందని నేను తిప్పికొట్టిన పికప్‌లోనే అది మొదటి నుంచీ ఉంది.

చివరి పాటకి రెండు పికప్‌లూ కలిపాను. నీ కొత్తదీ, నా పాతదీ. ఆఖరి స్వరం మీటి చెయ్యి తీసేశాను. అది అలా సాగి, సాగి, హాలు చివరి దాకా వెళ్ళి ఆగింది. జనం ఇంకా చప్పట్లు మొదలుపెట్టలేదు. మాస్టారి కర్రలు గాలిలో ఉన్నాయి.

అప్పుడు, అంత దూరం నుంచి, చివరి వరసలోంచి, సన్నగా, నిటారుగా, ఈల.

నాకు వినబడింది మరదలా. నాకు వినబడింది! ఎంత గాభరా పడ్డానంటే చెయ్యి జారి తీగలన్నీ ఒక్కసారిగా జర్రుమన్నాయి. జనం అది కూడా పాటలో భాగమే అనుకుని ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. కెప్టెన్ నా వైపు గుడ్లురిమాడు. ఆయన ఏమన్నా అననీ. నేను ఎర్ర జుబ్బా అంచుతో కళ్ళు తుడుచుకుంటూ ఆ చీకట్లో చివరి వరస కేసే చూస్తున్నాను.

మళ్ళీ ఎప్పుడొస్తావు? రైల్లోనే రా. దిగగానే పలకరించకు, చెయ్యి ఊపకు. ప్లాట్‌ఫారం ఆ చివర నిలబడి ఈల వెయ్యి. నా భుజం ఎవరూ తట్టనక్కర్లేదు.

నీ వదిన